ఎడమ పక్క సీటు

ఆ ఏడు వానలు దీపావళికి ముందే పట్టుకున్నాయి. మా ఇందుకూరుపేటలో వాన పట్టిందంటే పరుపుల అంగడిలో పని తక్కువ, పగటి కలలు ఎక్కువ. దూది చెమ్మ లాగుతుందని మా ఆయన అల్లాబక్షు మూటలు విప్పనివ్వడు. నేను పరుపుల తొడుగులు, గలేబులు కుట్టే మిషను ముందు కూర్చుని, రోడ్డు మీద నీళ్లను చీల్చుకుంటూ పోయే కార్లను చూస్తూ ఉండేదాన్ని. ఆయన కూడా అవే చూసేవాడు. పన్నెండేళ్లుగా వాయిదా వేస్తున్న కారు ఈసారి కొనాల్సిందేనని ఇద్దరమూ ఒకరికొకరు చెప్పుకోకుండానే తీర్మానించుకున్నాం.

కారణం మా అత్త జమాల్‌బీ మోకాళ్లు. మామూలు కారులోకి ఆమె బావిలోకి దిగినట్టు దిగాలి. జీపు లాంటిదైతే ఎక్కనే ఎక్కలేదు. రోజూ బస్సులో నెల్లూరు పోయొస్తూ డిగ్రీ చదివే మా అమ్మాయి జబీనా ఫోనులో చూసి, ఈ రెండింటికీ మధ్య రకం ఒకటుందనీ, దాన్ని క్రాసోవర్ అంటారనీ చెప్పింది. నడుము ఎత్తున సీటు, పక్కకు తిరిగి కూలబడితే చాలునట. కింద ఖాళీ ఎక్కువ కాబట్టి మైపాడు రోడ్డు గుంతల్లో బండి పొట్ట తగలదట. ఆ మాట విన్నప్పటి నుంచి నా కలలోకి ఒక కారు రావడం మొదలుపెట్టింది. దాని రంగు తెలిసేది కాదు. చుట్టూ నీళ్లుండేవి. ఒక తలుపు తెరిచి ఉండేది, లోపల ఎవరూ ఉండేవాళ్లు కాదు.

కొన్నవాళ్లు రాసిన అభిప్రాయాలను జబీనా రోజూ సాయంత్రం చదివి వినిపించేది. ఎవరో ఐదు నక్షత్రాలు ఇచ్చాడు, ఎవరో ఒకటే ఇచ్చి కంపెనీని తిట్టిపోశాడు. మా ఆయనకు అవేవీ ఎక్కలేదు. పరుపు కొనేవాడు దాని మీద తను పడుకుని చూసుకుంటాడు గానీ, ఇంకెవడో పడుకున్నానని రాస్తే కొంటాడా అన్నది ఆయన వాదన. ముఖాలు తెలిసిన ఓనర్ల దగ్గరికి మనమే పోయి అడుగుదాం అన్నాడు. అలా మొదలైంది మా తిరుగుడు.

ఎవరింటికి పోయినా మా ఆయన ముందు చేసే పని ఒకటే. కారు తలుపు తీయించి, అరచేత్తో సీటును నాలుగు చోట్ల అదిమి చూసేవాడు. "ఇది నురగ. ఐదేళ్లకు కుంగతాది," అని తీర్పు చెప్పేవాడు. ఓనరు ముఖం వాడిపోయేది. ఆ తర్వాత టీ వచ్చేదాకా మాటలు అతికించే పని నాది. ఓనర్లు అబద్ధం చెప్పరు, అలాగని నిజం మొత్తం ఒక్కసారే చెప్పరు. మొదటి గుక్కలో లీటరుకు ఇరవై అనేవాళ్లు. కప్పు ఖాళీ అయ్యేసరికి పదిహేడు అయ్యేది. గేటు దాకా సాగనంపుతూ, టౌనులో పదమూడే వస్తుందని చిన్న గొంతుతో చెప్పేవాళ్లు.

రొయ్యల గుంటలున్న నరేంద్రబాబు తన నల్ల బండి చుట్టూ మమ్మల్ని గుడి చుట్టూ తిప్పినట్టు మూడుసార్లు తిప్పాడు. దాని పికప్పు, దాని పైకప్పు అద్దం, దాని తెర అన్నీ చెప్పాడు. ఆయన భార్య వరండాలో మల్లెలు కడుతూ, "వెనక సీట్లో కూచుంటే నాకు కడుపులో తిప్పతాది. ఆ ముక్క ఎవురూ అడగరు," అంది. ఆ మాట నేను గట్టిగా పట్టుకున్నాను. అప్పటి నుంచి మగవాళ్లు ఇంజను గురించి మాట్లాడుతుంటే నేను వంటింట్లోకి పోయి వెనక సీటు వాళ్ల అభిప్రాయాలు విడిగా పోగు చేసుకున్నాను. అవి చాలా తేడాగా ఉండేవి.

మేం కలిసిన వాళ్లలో తన బండి తనే నడుపుకునే ఆడమనిషి ఒక్కతే, మైపాడు ఆసుపత్రిలో నర్సు ఏంజెలిన్. ఆమెది గేర్లు వేసే పని లేని తెల్ల బండి. అభిప్రాయం ఏమిటని అడిగితే, "పోవాలంటే పోతాది, ఆగాలంటే ఆగతాది. నాకు అంతే గావాల," అని డ్యూటీకి వెళ్లిపోయింది. చేతి సంచీ పక్క సీట్లోకి విసిరేసి ఆమె బండి తిప్పుకుని పోయిన తీరు నేను చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. నాకూ తోలాలని ఉండేది. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. నా కలలో తెరిచి ఉన్న తలుపు కుడివైపుది.

చెప్పకపోవడానికి కారణముంది. మా ఆయన ఇరవై ఏళ్లు పరుపుల వ్యాను నడిపాడు. అంగట్లో నడుం వంచి కూర్చునే మనిషి, స్టీరింగు ముందు కూర్చుంటే నిటారుగా అయిపోయేవాడు. వ్యాను మూలపడ్డాక ఆ నిటారు మనిషి మళ్లీ కనిపించలేదు. కొత్త బండిలో అమ్మను కూర్చోబెట్టుకుని పులికాట్ చెరువు మీది రోడ్డులో శ్రీహరికోట వైపు తీసుకెళ్తాననీ, రామచిలక ముక్కు రంగు రెక్కల కొంగల్ని చూపిస్తాననీ అత్తకు మాటిచ్చాడు. ఎనభై ఏళ్లకు దగ్గరపడ్డ ఆమె ఆ మాటను చెంగున ముడేసుకుంది. వాళ్లిద్దరి మధ్యకు నా కోరికను తీసుకుపోవడం నాకు చేతకాలేదు.

నవంబరులో ఒకరోజు వాన తెరిపిచ్చింది. పెళ్లివారి పరుపు ఒకటి ఆగిపోయి ఉంటే మా ఆయన దాన్ని చాపమీద పరిచి అంచు కడుతున్నాడు. మా పనిలో అంచు బిగువుగా రావాలంటే బట్టను కాలి బొటనవేలితో తొక్కిపట్టి, దబ్బనంతో కుట్టుకుంటూ పోవాలి. ఆయన తండ్రి అలాగే కుట్టేవాడట, ఆయనా అంతే. దూది పీచు గాల్లో మెల్లగా లేచి వాలుతోంది. నాకు కళ్లు మూతలు పడుతున్నాయి. అప్పుడు బయట హారను మోగింది. నరేంద్రబాబు, నడిపి చూడమని తన బండి తెచ్చాడు. మా ఆయన గబుక్కున లేచాడు. ఆయన కాలితోపాటు పరుపు కూడా లేచింది.

దారం కుడికాలి బొటనవేలి పక్క తోలులోంచి రెండుసార్లు పోయి ఉంది. వేలిని అంచుకు కలిపి కుట్టేశాడు. తెల్లబట్ట మీద సన్నగా నెత్తురు పాకుతోంది. ఆయన ఆ కాలి వంక, ఎవరో తన అంగట్లో మరిచిపోయిన వస్తువును చూసినట్టు చూశాడు.

"నొప్పి లేదా?" అన్నాను.

"లేదు."

"ఎప్పటి నుంచి?"

"పోయిన చలికాలం నుంచి. ముందు చీమలు పాకినట్టుండేది. తర్వాత అదీ లేదు." అని, బయటికి ఒకసారి చూసి, "అమ్మకు చెప్పబాక," అన్నాడు.

నేను దారం కత్తిరించి, వేలికి గలేబు ముక్క చుట్టాను. వెళ్లొద్దని నేను అనాలి. అప్పటికే అత్త నరేంద్రబాబు చెయ్యి పట్టుకుని బండెక్కి, వెనక సీట్లో కూర్చుని తలుపు అద్దంలోంచి పిల్లలా నవ్వుతోంది. మా ఆయన చెప్పు తొడుక్కుని, కాలి వంక చూసి సరిగ్గా తొడుక్కున్నానని నిర్ధారించుకుని, పోయి స్టీరింగు ముందు కూర్చున్నాడు. నడుం నిటారుగా అయింది. నేను నోరు మూసుకుని అత్త పక్కన కూర్చున్నాను. ఆ నోరు మూసుకోవడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ నా మీద కోపం వస్తుంది.

గుంటల మధ్య కట్ట రోడ్డు మీద బండి మెత్తగా పోయింది. రెండు పక్కలా రొయ్యలకు గాలి అందించే ఏరేటర్ల రెక్కలు నీళ్లలో తిరుగుతూ తెల్లటి నురగ చిమ్ముతున్నాయి. అత్త ఆ నురగను దూది అనుకుంటున్నట్టు చూస్తోంది. మలుపులో గేదెలు అడ్డం వచ్చాయి. మా ఆయన బ్రేకు తొక్కాననే అనుకున్నాడు. కాలు పెడలు అంచున ఎక్కడో ఉంది. బండి ఇంకా నాలుగు బారలు పోయి, ఎలా దొరికిందో బ్రేకు దొరికి, కట్ట కొసన ఆగింది. ముందు చక్రం కింద మట్టి పెళ్లగా ఊడి నీళ్లలో పడిన చప్పుడు విన్నాను.

కొత్త బండి కదా, కాలికి అలవాటు కావాలని నరేంద్రబాబు నవ్వేశాడు. అత్త కూడా నవ్వింది. అద్దంలో మా ఆయన కళ్లు నా కళ్లను వెతుక్కున్నాయి. ఆయన బండి దిగి, తిరుగు దారిలో నడపమని నరేంద్రబాబుకు తాళం ఇచ్చాడు.

మర్నాడు ఆసుపత్రిలో ఏంజెలిన్ కట్టు కట్టి, ఇంజక్షను వేసి, నెత్తురు చుక్క తీసి షుగరు చూసి, పత్తితో కాలి మీద అక్కడా ఇక్కడా తాకుతూ తెలుస్తోందా అని అడిగింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి దూది ముట్టుకున్న మనిషికి దూది తాకిన సంగతి తెలియలేదు. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"అన్నా, షుగరు నరాల్ని తినేసింది. ఇకమీద పుండ్లు పడకుండా చూసుకోవాల. ఈ కాలితో బండి మాత్రం తోలబాక. బ్రేకు మీద కాలుందో లేదో నీకే తెలవదు."

మా ఆయన అన్నిటికీ తలూపాడు. అంతా విని, ఆమె బండి రెండో సర్వీసు ఎప్పుడు చేయించిందని అడిగాడు. ఏంజెలిన్ నా వంక చూసింది. నేను కిటికీలోంచి చూశాను. సముద్రం మీద వాన తెరలు తెరలుగా నడుస్తోంది.

ఆ తర్వాత పది రోజులు ఇంట్లో ఆ కాలి మాట రాలేదు. రాత్రి మందు రాసేది నేనే, అయినా ఇద్దరం వేరే సంగతులు మాట్లాడుకునేవాళ్లం. భయం నాకు ఒక్కటే. ఈయన కాలు దాచిపెట్టి బండి కొంటాడు. అత్తనూ జబీనానూ ఎక్కించుకుంటాడు. ఏదో ఒక కట్ట మీద బ్రేకు దొరకదు. వద్దని నలుగురిలో అంటే ఆయన పరువు పోతుంది, అనకపోతే మా ప్రాణాలు పోతాయి. వీటికి తోడు ఇంకొకటి నన్ను లోపల కొరికేది. ఈయన దిగితే ఆ సీటు నాకు వస్తుందన్న ఆలోచన. పిలవకుండానే వచ్చేది. కట్టుకున్న మనిషి కాలు చచ్చుబడితే తీరే కోరిక కూడా ఒక కోరికేనా అని గలేబులు కుడుతూ ఏడ్చుకున్నాను.

మా ఆయన మాత్రం తిరుగుడు మానలేదు. మళ్లీ నరేంద్రబాబు ఇంటికి పోదాం రమ్మన్నాడు. నేను మనసులో తిట్టుకుంటూ గొడుగు తీసుకుని వెంటపోయాను. వరండాలో టీ వచ్చాక మా ఆయన మొదలుపెట్టాడు.

"బాబూ, ఐదడుగుల మనిషి కూచుంటే బానెట్ కొస కనపడతాదా?"

నరేంద్రబాబుకు అర్థం కాలేదు. "నువ్వు ఐదున్నర ఉండావు గదా, నీకెందుకు ఆ సంగతి?"

"నా సంగతి కాదు. సీటు పైకి జరగతాదా? స్టీరింగు కిందికి దిగతాదా? చేతులు చిన్నవైతే తిప్పను బరువుగా ఉంటాదా?"

నరేంద్రబాబు ఏదో చెబుతున్నాడు. నాకు వినపడలేదు. మా వీధిలో ఐదడుగుల మనిషిని నేనే. చేతిలో టీ కప్పు చల్లారేదాకా అలాగే కూర్చున్నాను.

తిరిగి వస్తుంటే ఒకే గొడుగు కింద నడిచాం. ఆయన కాలు ఎక్కడ పడుతోందో చూసుకుంటూ నెమ్మదిగా నడిచాడు. ఏంజెలిన్‌ను అడిగాననీ, పొద్దున్నే డ్యూటీకి ముందు తన బండి మీద నేర్పిస్తానందనీ చెప్పాడు. "నీకు ఇష్టమైతేనే," అన్నాడు.

"నాకు ఇష్టమే," అన్నాను. "ముందు నుంచీ ఇష్టమే."

"తెలుసు," అన్నాడు ఆయన. "ఆ నర్సమ్మ బండి తిప్పుతాంటే నువ్వు చూసింది నేను చూడలేదా?"

గొడుగు అంచు నుంచి కారే నీళ్లు నా భుజం మీద పడుతున్నా జరగలేదు. ఏం బాధపడుతున్నానో ఏం సంతోషపడుతున్నానో నాకే తెలియని నడక అది. ఇల్లు రాకుండా ఉంటే బాగుండుననిపించింది.

డిసెంబరు పొద్దుల్లో గుంటల మీద మంచు దట్టంగా పడుకుని ఉండేది. పక్కన ఏంజెలిన్, వెనక మా ఆయన, ముందు మంచు తప్ప ఏమీ కనిపించని రోడ్డు. బండి నేలకు జానెడు పైన తేలుతున్నట్టుండేది. మంచులోంచి ఒక కొంగ, ఒక పాలవాడి సైకిలు, ఒక కరెంటు స్తంభం నెమ్మదిగా పుట్టి, నెమ్మదిగా మాయమయ్యేవి. ఏంజెలిన్ పెద్దగా మాట్లాడేది కాదు. మాటలన్నీ వెనక నుంచి వచ్చేవి. చూపు దూరంగా పెట్టమనేవాడు. గేదె తల ఎటుందో చూడాలి, గేదె అటే పోతుంది అనేవాడు. వాన నీటి గుంతలో కాలు యాక్సిలరేటరు మీద నుంచి తీయకూడదనీ, ఎదురు లారీ లైటును కాదు రోడ్డు అంచును చూడాలనీ చెప్పేవాడు. ఇరవై ఏళ్ల రోడ్డంతా నా చెవిలో పోశాడు. మధ్యలో ఒకరోజు కిటికీ దించుకుని, "వెనక నిజంగానే కడుపులో తిప్పతాది మే," అని ఒప్పుకున్నాడు. నరేంద్రబాబు భార్యకు ఆ మాట చేరవేశాను.

లైసెన్సు వచ్చింది, కొత్త సంవత్సరమూ వచ్చింది. మబ్బు రంగు బండి ఒకటి, గేర్లు వేసే పని లేనిది తీసుకున్నాం. షోరూములో తాళం ఇచ్చేటప్పుడు ఫొటో కోసం ఆయన్ను ముందుకు రమ్మంటే, ఆయన ఒక అడుగు వెనక్కి వేసి నా వీపు మీద చెయ్యి పెట్టి ముందుకు నెట్టాడు. ఫొటోలో నేను పడబోతున్నట్టు ఉంటాను.

సీటు ఎంత పైకి జరిపినా నాకు బానెట్ సగమే కనిపించేది. మా ఆయన అంగట్లో బూరుగు దూది మూట విప్పాడు. మూడు రోజులు కూర్చుని ఒక దిండులాంటిది కుట్టాడు. వెనక మందం, ముందు పలచన, జారకుండా కింద నాలుగు నాడాలు. ఇప్పుడు అంచును కాలితో తొక్కిపట్టడం లేదు, ఒక చెక్క పలక పెట్టి బిగిస్తున్నాడు. నాలుగో రోజు దాన్ని డ్రైవరు సీటు మీద కట్టి, నన్ను కూర్చోమని, తను బానెట్ ముందు వంగి నిలబడి చెయ్యి మాత్రం పైకెత్తాడు.

"ఎన్ని వేళ్లు?"

"నాలుగు."

"ఇప్పుడు?"

"రెండు."

"చాలు," అని లేచి నిలబడ్డాడు. అద్దం అవతల ఆయన ముఖం నాకు మొత్తం కనిపించింది. ఈ మనిషిని నేను ఎంత ప్రేమిస్తున్నానో ఆ రోజు ఒళ్లంతా తెలిసింది.

జనవరి చివర్లో ఒక ఆదివారం తెల్లవారి పులికాట్‌కు బయల్దేరాం. అత్తను పక్కకు తిప్పి సీటు మీద కూలబెట్టి, కాళ్లు లోపల పెట్టాం. జబీనా ఆమె పక్కన ఎక్కి చెవుల్లో పాటలు పెట్టుకుంది, నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. మా ఆయన ఇంటికి తాళం వేస్తున్నాడు. కొడుకు ఎందుకు తోలడం లేదని ఆమె అడుగుతుందనీ, ఏం చెప్పాలా అనీ మాటలు వెతుక్కుంటున్నాను. ఆమె ముందుకు వంగి నా భుజం తట్టింది.

"వాడి చెప్పు వాకిట్లో ఊడిపోయినా వాడికి తెలవదు. ఉత్త కాలితో అంగడి దాకా పోతాండె. ఎన్నిసార్లు తీసి గడప కాడ పెట్టినానో. మీరే చెప్తారులే అని చూస్తా ఉన్నా." నా భుజం మీది చెయ్యి తీసి, "నిదానంగా పోనీయ్ మే," అంది.

మా ఆయన వచ్చి ఎడమ పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. మేం ముగ్గురం ఏమీ ఎరగనట్టు ముందుకు చూశాం.

హైవే మీద గూడూరు, చిల్లకూరు దాటాక కూడా లారీలు మమ్మల్ని ఒరుసుకుంటూ పోయాయి. ముందు లారీ వేగం తగ్గినప్పుడల్లా మా ఆయన కుడికాలు మ్యాట్ మీద గట్టిగా అదిమేది. తన కింద ఏముందో తెలియని ఆ కాలు, అక్కడ లేని బ్రేకును నాకంటే ముందే తొక్కేది. నేను చూసీ చూడనట్టు ఉన్నాను. ఇరవై ఏళ్లలో ఇంకొకరు నడిపే బండిలో ఈ మనిషి రెప్ప వేసింది లేదు. మా తమ్ముడి కారులోనైనా, అర్ధరాత్రి బస్సులోనైనా కళ్లు రోడ్డు మీదే.

సూళ్లూరుపేట దగ్గర తిరిగాక లారీలు లేవు, చప్పుడు లేదు. రోడ్డు నేరుగా చెరువులోకి పోయింది. రెండు పక్కలా నీళ్లు, నీళ్ల చివర ఆకాశం మొదలైన చోటు తెలియలేదు. దూరంగా లేత గులాబీ గీత ఒకటి కదిలింది. జబీనా ఫోను తీయడం మరిచిపోయి అలా చూస్తూనే ఉంది. "ఇది యాడికి పోయే దారి?" అని అత్త తనలో తను అనుకున్నట్టు అడిగింది. నేను ఇంకా నెమ్మదించాను. బండి నీళ్ల మీద పోతోందో, నేను కలలో పోతున్నానో అనిపించింది.

కొంతసేపటికి ఎడమ పక్క అలికిడి లేదని గమనించాను. భయంతో చూశాను. మా ఆయన తల కిటికీకి ఆనించి ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. రెండు కాళ్లూ చాపుకుని, చేతులు ఒళ్లో వదిలేసి నిద్రపోతున్నాడు.

పక్షుల్ని చూసేవాళ్లు బళ్లు ఆపే చోట, దుమ్ము కూడా లేవనంత మెల్లగా ఆపాను. అత్తా జబీనా కొంగల్నే చూస్తున్నారు. ముందు ఆగిన కారులోంచి ఒకాయన దిగి మా బండిని అటూ ఇటూ చూసుకుంటూ వచ్చి, మా ఆయన వైపు అద్దం మీద తట్టబోయాడు. నేను గబగబా దిగి చుట్టూ తిరిగి వచ్చి, వద్దని చెయ్యి ఊపాను.

ఇదే మోడలు కొనాలనుకుంటున్నాడట. ఓనరుగారిని ఒక మాట అడుగుదామని వచ్చాడట.

"పడుకోనుండాడు. నన్నడగండి, తోలేది నేనే," అన్నాను.

ఆయన ఒక క్షణం తటపటాయించాడు. వెనకే వచ్చిన ఆయన భార్య ముందుకు వచ్చి, "ఎట్టుందక్కా బండి?" అని అడిగింది.

చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. లీటరుకు ఎంతో, వెనక ఎలా ఉంటుందో, మా అత్త మోకాళ్లకు సీటు ఎంత ఎత్తో, గుంతల్లో పొట్ట తగులుతుందో లేదో. మూడు నెలలు ఊరూరా పోగు చేసిన అభిప్రాయాలన్నీ నా దగ్గర ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. అద్దంలోంచి లోపలికి చూశాను.

"మా ఆయనకు నిద్ర పట్టింది," అన్నాను.